నవ్వు బందైన వానాకాలం

మా ఇంటి ముందుగదే కటింగు షాపు. గోడంత అద్దం, అద్దం ముందు మూడు కుర్చీలు. మొదటిది మామగారిది, రెండోది మా ఆయనది, మూడోది పనేమీ లేకుండా కబుర్లకని వచ్చేవాళ్ళది. షాపుకీ వంటగదికీ మధ్య ఉన్నది ఒక్క కర్టెన్. కత్తెర చేతిలోకి వస్తే మామగారి నోరు ఊరుకునేది కాదు. ఆయన ఎవరి మీదో ఒక జోకు వేస్తే, కర్టెన్ ఇవతల నుంచి అత్తగారు దానికి తిట్టుతో జవాబిచ్చేవారు. గడ్డం పెరక్కపోయినా గీయించుకోవడానికి వచ్చేవాళ్ళు కొందరుండేవారు. వాళ్ళు వచ్చేది ఈ మాటామాటా వినడానికేనని నా గట్టి నమ్మకం.

అత్తగారి తిట్లు ఆషామాషీవి కావు. కాఫీ గ్లాసు కిటికీలో వదిలేశారని మొదలైన తిట్టు ఆయన తాతముత్తాతల దాకా వెళ్ళి, అందర్నీ పలకరించి, మళ్ళీ కాఫీ గ్లాసు దగ్గరికి వచ్చి ఆగేది. మామగారు కస్టమరు చెవి దగ్గరికి వంగి, "ఇప్పుడు మా నాన్న దగ్గరుంది, ఇంకాసేపట్లో మా మేనత్త ఊరు చేరుతుంది" అని దారి చెప్పేవారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఇదంతా చూసి వీళ్ళిద్దరికీ క్షణం పడదనుకుని బెంగపడ్డాను. పడకపోవడమేమిటి, వాళ్ళకి అదే ఊసు.

ఆ ఏడు వానలు మొదలయ్యే వేళకి మామగారికి ఆయాసం మొదలైంది. మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో కూలబడేవారు. ఏమిటని అడిగితే, మెట్లు లెక్కపెడుతున్నాను, ఎవరో ఒకటి ఎత్తుకెళ్ళినట్టున్నారు అనేవారు. మేమూ నవ్వి ఊరుకున్నాం. ఒక రోజు పొద్దున ఒకాయనకి సగం గడ్డం గీసి, కత్తి మడిచి జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "ఒక్క నిమిషం బాబూ" అని ఆయన ఒళ్ళోనే పడిపోయారు. సగం ముఖం నురగతో ఆ మనిషే మామగారిని ఎత్తుకుని బండిలో వేశాడు. ఆసుపత్రి వరండాలో ఆ నురగ ఎండిపోయేదాకా మాతోనే కూర్చున్నాడు, పాపం.

గుండె ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ పొట్టిగా, నెమ్మదిగా ఉండేది. బల్ల మీద ఒక రబ్బరు గుండె పెట్టి అరచేతిలో విప్పి చూపించింది. గుండెలోంచి ఒంట్లోకి రక్తం వెళ్ళే ద్వారం దగ్గరి వాల్వు సున్నం పేరుకుని రాయిలా అయిందట, దాన్ని మార్చక తప్పదట. లోపల ఇంకొకటి సరిగ్గా మూసుకోవడం లేదట. దాన్ని బాగు చెయ్యగలనో, అదీ మార్చాలో, తెరిచి కళ్ళతో చూస్తే గానీ చెప్పలేనంది.

చిన్న కోతతో అయిపోతుందని షాపులో ఎవరో చెప్పారని మా ఆయన నసిగారు.

"కొందరికి పక్కటెముకల సందులోంచి చేస్తాం. ఈయనకి అలా కుదరదు. రెండు వాల్వుల పని. నాకు గుండె మొత్తం కనపడాలి, రెండు చేతులూ ఆడాలి. అందుకని ఛాతీ మధ్య ఎముకని నిలువునా కోసి, తలుపు తీసినట్టు తీస్తాను. పనయ్యాక స్టీలు తీగతో కట్టేస్తాను. అది అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా బరువులెత్తకూడదు, చేతులు పైకెత్తి పని చెయ్యకూడదు," అంది.

మామగారు అంతా విని, తీగ కాస్త బిగుతుగా కట్టమన్నారు. లోపల బోలెడు మాటలున్నాయి, దొర్లిపోతే ఏరుకోలేం అన్నారు. కొత్త వాల్వు పశువు గుండె పొరతో చేస్తారని తెలిసినప్పుడు మాత్రం కాసేపు ఆలోచించారు. "అయితే ఇకనుంచి మా ఆవిడ నాకు గడ్డి పెట్టాలి కాబోలు."

"ఇన్నేళ్ళూ పెట్టిందేమిటి మామయ్యా?" అన్నాను నేను. డాక్టరమ్మ రబ్బరు గుండె పక్కన పెట్టి మరీ నవ్వింది.

అత్తగారు ఒక్కటే అడిగారు. గుండె ఆపుతారా అని. ఆపుతామని, అంతసేపూ మెషీను రక్తం నడిపిస్తుందని, తర్వాత మళ్ళీ కొట్టిస్తామని డాక్టరమ్మ చెప్పింది. ఇంటికొచ్చేదాకా అత్తగారు పెదవి విప్పలేదు. నోరు లేని అత్తగారిని చూడడం నాకదే మొదలు.

ఆపరేషన్ ముందు రోజు ఛాతీ మీద వెంట్రుకలు తియ్యడానికి ఒక మనిషి మిషను పట్టుకొచ్చాడు. మా ఆయన నేను చేస్తానన్నారు, బయటివాళ్ళు ముట్టుకోకూడదని పంపేశారు. తండ్రికి గడ్డం కూడా ఇంకొకర్ని చెయ్యనివ్వని మనిషి, గుమ్మం బయట చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు. లోపల నుంచి మామగారి గొంతు వినపడుతూనే ఉంది. ఇన్నేళ్ళు లోకాన్నంతా నేను గొరిగితే నన్ను గొరగడానికి నువ్వు దొరికావా నాయనా, కానీ, చెవుల మీద కాస్త వదులు అంటున్నారు. అవతలి మనిషి నవ్వుతూ పని కానిచ్చాడు. మర్నాడు పొద్దున్నే తీసుకెళ్ళారు. చాలాసేపటి తర్వాత డాక్టరమ్మ బయటికొచ్చి, ఒకటి మార్చానని, రెండోది బాగుపడిందని, గుండె తనంతట తానే కొట్టుకుంటోందని చెప్పింది. అత్తగారు ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నారు.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. వార్డులోకి మార్చిన మర్నాడు మా ఆయనకి ప్రాణం లేచొచ్చి, నోరు కూడా లేచొచ్చింది. పక్క మంచం మీదాయన క్రాపు చూపించి, "నాన్నా, ఆయనకి అక్కడ కూడా ఆపరేషనే చేసినట్టున్నారు, కట్టు కట్టడం మర్చిపోయారు" అన్నారు. మామగారు పకపకా నవ్వబోయారు. ఆ నవ్వు మధ్యలోనే విరిగిపోయింది. ముఖం బూడిద రంగుకి తిరిగి, నుదుటంతా చెమట పట్టింది, తల దగ్గరి మెషీను కూయడం మొదలుపెట్టింది. నర్సు పరుగున వచ్చి, ఛాతీకి ఒక దిండు అదిమిపెట్టి నిలబడింది. నొప్పి తగ్గాక మా వైపు తిరిగింది. నిన్ననే గొట్టాలు తీశాం, మీకు పుణ్యముంటుంది, ఈయన్ని నవ్వించకండి అంది. ఆ దిండు సంగతి కూడా ఏదో చెప్పింది కానీ మా బుర్రకి ఎక్కింది మొదటి మాటే.

ఇంటికి రాగానే ముగ్గురం వంటగదిలో నిలబడి ఒట్టు వేసుకున్నంత పని చేశాం. ఎముక అతుక్కునేదాకా ఈ ఇంట్లో నవ్వు బందు. ఇంకే ఇంటివాళ్ళైనా ఆ మాట వింటే ఒకటి రెండు రోజులు జాగ్రత్తపడి మర్చిపోయేవారు. మాకు నవ్వించడం తప్ప ఇంకో రకంగా మాట్లాడడం రాదు. అందుకని మాటలే బందైపోయాయి.

మామగారి మంచం షాపు వెనకే, వంటగది పక్క గదిలో వేశాం. మా ఆయన కస్టమర్లందరికీ ముందే చెవిలో వేశారు. వాళ్ళు గుసగుసగా మాట్లాడి, వేళ్ళ మీద నడిచి వెళ్ళిపోయేవారు. రేడియో తీసి అటక మీద పెట్టాను. నేను పళ్ళెం పట్టుకెళ్ళి, తినండి మామయ్యా అని, ఖాళీ అయితే తెచ్చేసుకునేదాన్ని. అత్తగారైతే మరీను. "ఏమండీ, కాస్త తింటారా", "ఏమండీ, కిటికీ వెయ్యమంటారా" అని పూజారి దేవుడితో మాట్లాడినట్టు మాట్లాడేవారు. మామగారు పరీక్షకన్నట్టు ఒక రోజు కాఫీ గ్లాసు కిటికీలో వదిలేశారు. అత్తగారు కిక్కురుమనకుండా తీసుకెళ్ళి కడిగారు.

ఒకసారి ఊరికి వెళ్ళి వచ్చిన పాత కస్టమరొకాయన షాపులో అడుగు పెట్టి, ఆ నిశ్శబ్దం చూసి గుమ్మంలోనే చేతులు కట్టుకున్నాడు. "ఎప్పుడు పోయారు?" అని అడిగాడు. మామూలు రోజుల్లో ఆ మాట మీద మేం ఏడాది బతికేవాళ్ళం. మా ఆయన ఉలిక్కిపడి, ష్ అని ఆయన్ని రెక్క పట్టుకుని బయటికి తీసుకెళ్ళారు. ఆ ప్రశ్న కూడా మామగారికి వినపడిందని, ఆ ష్ కూడా వినపడిందని మాకు తర్వాత తెలిసింది.

కుట్లు ఎండాయి. మనిషి మాత్రం వాడిపోయాడు. హాల్లో నడవమంటే బాత్‌రూమ్ దాకా వెళ్ళి వచ్చి పడుకునేవారు. ఊపిరి పీల్చి మూడు బంతులు పైకి లేపమని ఇచ్చిన గొట్టం మంచం కింద చేరింది. పళ్ళెంలో రెండు ముద్దలు తిని గోడవైపు తిరిగేవారు.

ఒక సాయంత్రం వాన కుండపోతగా కురుస్తుంటే షాపు ముందే కట్టేశాం. మామగారు మా ఆయన్ని పిలిచి పక్కన కూర్చోమన్నారు. నేను బట్టలు మడతపెడుతూ గుమ్మంలో ఉన్నాను.

"ఆ పోస్టాఫీసాయన నడినెత్తిన రెండు సుడులున్నాయి. కుడి సుడి మాట వినదు. పొట్టిగా కోశావో, లేచి నిలబడుతుంది. దాన్ని బుజ్జగించాలి," అన్నారు.

"సరే నాన్నా."

"బ్యాంకు పెద్దాయనకి ఎడమ చెవి వెనక కంతి ఉంది. మిషను అటు పోనీకు. ఉందని నీకు తెలిసినట్టు ఆయనకి తెలియకూడదు."

"సరే నాన్నా."

"మేష్టారి నెత్తిన ఏమీ మిగల్లేదు. అయినా తొందరగా లేపెయ్యకు. గాల్లో కత్తెర ఆడించు. ఆయన డబ్బులిచ్చేది ఆ చప్పుడికే."

ఆ మాటకి మా ఆయన పొట్టలో నవ్వు సుడి తిరిగిందని నాకిక్కడ నుంచే తెలుస్తోంది. భుజాలు అదురుతున్నాయి. పెదవి కొరుక్కుని, ఊపిరి బిగబట్టి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా ఆపుకున్నారు. మామగారు కొడుకు కళ్ళలో నీళ్ళు చూశారు. చెయ్యి మీద తట్టి, "ఊరుకోరా, ఎవరికైనా తప్పదు" అన్నారు. అప్పటికైనా నాకు వెలగొద్దూ. ముసలాయన ఊరికే చెబుతున్నారులే అనుకుని బట్టలు తీసుకుని మేడ మీదికి వెళ్ళాను.

వానలు సగంలో ఉండగా చూపించడానికి తీసుకెళ్ళాం. మామగారిని మంచం మీద పడుకోబెట్టి, డాక్టరమ్మ మా ఇద్దర్నీ గాజు తలుపు ఇవతలికి పిలిచింది. ఎముక చక్కగా అతుక్కుంటోందట, వాల్వులు రెండూ బాగున్నాయట. అయినా ఆవిడ ముఖం బాగాలేదు. ఊపిరితిత్తుల అడుగున నీరు చేరుతోందట. ఈయన లోతుగా ఊపిరి తియ్యడం లేదు, నడవడం లేదు, ఇలాగే పడుకుంటే మళ్ళీ చేర్చుకోవాలి, ఈ స్థితిలో న్యుమోనియా వస్తే నేను కుట్టినదంతా ఎందుకూ కొరగాదు అంది. ఇంట్లో సరిగ్గా చూసుకోవడం లేదా అని కూడా అడిగింది. నాకు ఒళ్ళు మండింది. కంటికి రెప్పలా చూసుకుంటున్నాం, ఎముక కదులుతుందని నవ్వించను కూడా నవ్వించడం లేదు అన్నాను.

ఆవిడ నన్ను వింతగా చూసింది. "నవ్వించొద్దని ఎవరు చెప్పారు?"

వార్డులో నర్సు అన్న మాట చెప్పాను. ఆవిడ చెప్పింది ఆ రోజు మాటని, దగ్గొచ్చినా, తుమ్మొచ్చినా, నవ్వొచ్చినా ఛాతీకి దిండు అదుముకుంటే చాలని, నవ్వితే ఊపిరితిత్తులకి ఇంకా మంచిదని డాక్టరమ్మ విడమర్చి చెబుతుంటే, మేమిద్దరం బడిలో దెబ్బలు తిన్నవాళ్ళలా నిలబడ్డాం. గాజు తలుపు అవతల నుంచి మామగారు మా ముఖాలు చూస్తున్నారు.

సరే, ఇక నవ్వించవచ్చు. కానీ అన్నాళ్ళు మూతపెట్టిన నోటికి జోకులు ఎక్కడి నుంచి వస్తాయి. మా ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని, మేష్టారి కత్తెర సంగతి ఎత్తుకున్నారు, ఏదో చెప్పారు, తనే నవ్వారు. మామగారు మర్యాదగా చిరునవ్వు నవ్వి, కళ్ళు మూసుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం మందులిస్తుంటే మామగారు నా చెయ్యి వదల్లేదు.

"నువ్వు అబద్ధం చెప్పవు తల్లీ. ఆ డాక్టరమ్మ ఏం చెప్పింది? నాకెన్నాళ్ళుందిట?"

ఏమీ లేదు మామయ్యా, మీ గుండె బాగుంది, మేమే బుద్ధిలేక ఇలా చేశాం అని మొదటి నుంచీ చెప్పుకొచ్చాను. నర్సు, దిండు, ఒట్టు, రేడియో, పాత కస్టమరు, అన్నీ. ఆయన ఓపిగ్గా విన్నారు. చివర నా చెయ్యి వదిలేశారు.

"నీకూ బాగానే నేర్పారు. వాడు జోకులు కూడా వేస్తున్నాడు, పాపం, తంటాలు పడి. అదంతా ఎందుకు గానీ, మీ అత్త నన్ను తిట్టి ఎన్నాళ్ళైందో చూశావా? గ్లాసు కిటికీలో పెట్టినా ఏమీ అనలేదు. ఇన్నేళ్ళ కాపురంలో అది నన్ను ఒక్కపూట వదల్లేదు. అది ఊరుకుందంటే నేను పోతున్నట్టే కదమ్మా."

ఇక నా మాటలతో అయ్యే పని కాదని అర్థమైంది. తిన్నగా వంటగదిలోకి వెళ్ళాను. అత్తయ్యా, మామయ్యని తిట్టండి అన్నాను. ఆవిడ గరిటె పట్టుకుని నన్ను తేరిపార చూశారు. విషయమంతా చెప్పాను. వింటూ వింటూ స్టవ్ కట్టేసి, పీట మీద కూర్చుండిపోయారు.

"నా వల్ల కాదే," అన్నారు. "పడిపోయిన రోజు పొద్దున మెట్ల మీద కూర్చుంటే తిట్టాను. వేషాలు వేస్తున్నారన్నాను. లేచి కిందికెళ్ళండి, అవతల జనం కాచుకుని ఉన్నారన్నాను. లేచి వెళ్ళారు. వెళ్ళి పడిపోయారు. నా నోరే ఆయన్ని పడేసింది. అప్పట్నించీ తిట్టు నోటిదాకా వస్తుంది, అక్కడే చచ్చిపోతుంది."

మీ నోటికీ ఆయన వాల్వుకీ ఏం సంబంధం అత్తయ్యా, సున్నం పట్టింది ఏళ్ళ తరబడి అన్నాను. తల ఊపారు. నమ్మలేదు. నేను బతిమాలాను. ఆవిడ లేచి గుమ్మం దాకా వెళ్ళి, ఆయన వీపు చూసి, చీర చెంగుతో మూతి నొక్కుకుని వెనక్కి వచ్చేశారు. ఆ ఇద్దర్లో ఎవరికి ఎక్కువ జబ్బు చేసిందో ఆ క్షణాన నేను చెప్పలేకపోయాను.

అప్పుడే లోపల నుంచి మామగారు అత్తగారిని పిలిచారు. నేను కూడా వెనకే వెళ్ళాను. ఆయన లేచి కూర్చుని ఉన్నారు, ముఖం కడుక్కున్నారు, తల దువ్వుకున్నారు. చెయ్యి పైకి లేవదు కనక అందిన మేరకే దువ్వారు. ఆవిణ్ణి పక్కన కూర్చోమని, బాగా ఆలోచించి పెట్టుకున్న మాటలా నెమ్మదిగా అన్నారు.

"చూడు, ఇన్నేళ్ళలో నీ పట్ల నేనేమైనా తప్పు చేసి ఉంటే మనసులో పెట్టుకోకు. క్షమించు."

అత్తగారు ఆయన ముఖంలోకి చూశారు. తర్వాత ఆవిడ మెడ నరాలు బిగుసుకోవడం నేను చూశాను.

"ఏమైనా చేసి ఉంటేనా?" అన్నారు. గొంతు ముందు చిన్నగానే ఉంది. "చేసి ఉంటే అంటారేమిటి, ఏమీ తెలియనట్టు? నిద్రపోతున్న నా తమ్ముడికి సగం మీసం గీసిందెవరు? వాడు చూసుకోకుండా దాంతోనే ఆఫీసుకెళ్ళాడు. కొత్త దుప్పటి చింపి కస్టమర్ల మెడకి కట్టిందెవరు? పాల గిన్నెలో గడ్డం బ్రష్షు ముంచి, నేనా కాదు పిల్లి అన్నదెవరు? మనకి పిల్లి ఎక్కడుంది?"

మామగారి పెదవి చివర కదిలింది.

"ఆయాసంతో అల్లాడిపోతూ మెట్లు లెక్కపెడుతున్నానని నాకు కథలు చెప్పిందెవరు? నాతో ఒక్క మాట చెబితే ఏం పోయింది? నన్ను దుర్మార్గురాలిని చేసి, వెళ్ళి వాళ్ళెవరి ఒళ్ళోనో పడతారా? పడడానికి ఇంట్లో చోటు లేదా? ఇన్ని చేసి, ఇప్పుడు నన్ను క్షమించమని చల్లగా జారుకుందామనుకుంటున్నారా? ఎవర్నడిగి పోతారు? నేను వెళ్ళమన్నానా?"

షాపులో కత్తెర చప్పుడు ఆగిపోయింది. కర్టెన్ పక్క నుంచి మా ఆయన తల, దాని పక్కన సబ్బు నురగతో ఇంకో తల కనపడ్డాయి. మామగారికి నవ్వు వచ్చింది. ముందు ముక్కులోంచి, తర్వాత గొంతులోంచి, తర్వాత ఆపుకోలేనంతగా వచ్చింది. నొప్పికి కళ్ళలో నీళ్ళు కారిపోతున్నాయి, ఒళ్ళంతా వంకర్లు పోతోంది, అయినా నవ్వు ఆగడం లేదు. నేను దిండు కోసం వెతికేలోపలే అత్తగారు ముందుకు వంగి, రెండు అరచేతులూ ఆయన ఛాతీ మధ్య, ఆ నిలువు గీత మీద అదిమిపెట్టారు. తిట్టడం మాత్రం ఆపలేదు. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు ఆవిడ చేతుల మీదే పడుతున్నాయి.

"కాస్త ఆగవే," అన్నారు మామగారు. "ఊపిరి తీసుకోనీ."

అత్తగారు ఆగారు. ఆయన కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చారు. డాక్టరమ్మ ఎంత చెప్పినా తియ్యని ఊపిరి, పక్కటెముకలు విచ్చుకునేదాకా, భుజాలు పైకి లేచేదాకా పీల్చి, మెల్లగా వదిలారు. ఆ ఊపిరితో పాటే పైకి లేచిన అత్తగారి చేతులు, దాంతో పాటే కిందికి దిగాయి. అంతసేపూ ఆవిడ కదలకుండా కాచుకున్నారు. ఊపిరి పూర్తయిందని చేతికి తెలిశాక, ఎక్కడ ఆపారో అక్కడి నుంచి మళ్ళీ అందుకున్నారు.